“కొంచెమే గదా!” అంటే వినని కావలివాడు

ఈ నెల సైన్సు కబుర్లు: చేపలూ, రొయ్యలూ పడనివాళ్ళ సంగతి

పిల్లలూ!

మన తెలుగువాళ్ళకు పొడుగాటి సముద్రతీరం వుంది. కృష్ణా గోదావరులున్నాయి, కొల్లేరు వుంది. భీమవరం చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ కనిపిస్తాయి. రొయ్యల పెంపకంలో దేశం మొత్తానికి ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కనక నీచు తినే ఇళ్ళలో చేపల పులుసన్నా, రొయ్యల ఇగురన్నా, పీతల కూరన్నా లొట్టలు వేయనివాళ్ళు తక్కువ.

అయినా మీ బడిలో ఎవరో ఒకరు, “నాకు రొయ్యలు పడవు” అనగా మీరు వినే వుంటారు. వెంటనే పక్కవాడు ఏమంటాడు? “ఒక్కటి తింటే ఏమవుతుందోయ్? కొంచెమే గదా!” అంటాడు. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా ఈ మాట అంటూనే వుంటారు. “కొంచెం కొంచెం తింటే అదే అలవాటవుతుంది” అని సలహా కూడా ఇస్తారు.

చాలా విషయాలలో ఈ మాట నిజమే. పది గారెలు తింటే అజీర్ణం చేస్తుంది, ఒకటి తింటే ఏమీ కాదు. నాలుగు కారపు మిరపకాయలు కొరికితే కళ్ళ వెంట నీళ్ళు కారుతాయి, చిన్న ముక్క కొరికితే చుర్రుమని వూరుకుంటుంది. కాని, పడని చేప దగ్గరా, పడని రొయ్య దగ్గరా ఈ లెక్క బొత్తిగా పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులకు అరవై ఏళ్ళకు పైగా పట్టింది. చిత్రమేమంటే, ఆ కథ కూడా సముద్రం మీదనే మొదలయింది.

రాజుగారి ఓడ

యూరప్‌లో మొనాకో అని ఒక చిన్న దేశం వుంది. దాన్ని ఏలిన ఒకటవ ఆల్బర్టుకు సముద్ర పరిశోధన అంటే ప్రాణం. 1901 వేసవిలో ఆయన తన ఓడ మీద ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకుని బయలుదేరాడు. వారి పేర్లు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. సముద్రం మీద నీలంగా, బుడగలాగా తేలుతూ, పొడుగాటి తీగలు వేలాడదీసుకుని తిరిగే ఒక జీవి వుంది. దాని తీగ తగిలితే వొళ్ళంతా భగ్గుమంటుంది. ఆ విషం ఏమిటో చూడమని వారికి పని అప్పగించారు.

పారిస్‌కు తిరిగి వచ్చాక ఆ జీవి దొరకలేదు. దానికి బదులు, సముద్రపు అడుగున రాళ్ళకు అంటుకుని పువ్వులాగా విచ్చుకునే మరొక జంతువునుంచి విషం తీసి పరిశోధన సాగించారు. కుక్కలకు ఆ విషం కొద్దికొద్దిగా ఇస్తే అలవాటుపడి తట్టుకుంటాయేమోనని చూశారు. మీరూ అలాగే అనుకుంటారు గదా?

జరిగింది దానికి పూర్తిగా తారుమారు! మొదటిసారి విషం ఎక్కించినప్పుడు కోలుకుని, హాయిగా తిరుగుతున్న ఒక కుక్కకు మూడు వారాలు గడిచాక మళ్ళీ కొంచెం ఇచ్చారు. క్షణాలలో దానికి ఆయాసం వచ్చింది, వాంతులయ్యాయి, నిలబడలేక పడిపోయింది, అరగంట తిరక్కుండా చచ్చిపోయింది. అంత కొద్ది విషానికి, కొత్త కుక్కకైతే అలా జరిగేదే కాదు. అంటే, మొదటిసారి ఇచ్చినది కుక్కను కాపాడటానికి బదులు ప్రమాదానికి సిద్ధం చేసిందన్నమాట! 1902లో వారు ఈ సంగతి ప్రకటించి, దీనికి “ఎనఫిలాక్సిస్” అని పేరు పెట్టారు. రక్షణకు వ్యతిరేకమయినది అని ఆ పేరులో భావం. ఈ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది.

విషమే కానక్కరలేదనీ, కోడిగుడ్డు తెల్లసొన వంటి ఏ హానీ చెయ్యని వస్తువు కూడా కొందరికి ఇలాంటి ప్రమాదం తేగలదనీ ఆ తరువాత తెలిసింది. 1906లో వియన్నా డాక్టరు క్లెమెన్స్ ఫన్ పిర్కే ఇటువంటి విపరీతాలకు “అలెర్జీ” అని పేరు పెట్టాడు. మనవాళ్ళు “పడదు”, “సరిపడదు” అనేది చాలాసార్లు దీన్నే.

చేప పడని డాక్టరు

ఆ తరువాత కథ 1921లో బ్రెస్లా నగరంలో జరిగింది. అది అప్పుడు జర్మనీలో వుండేది, ఇప్పుడు పోలెండులో వున్నది. అక్కడ హైన్‌జ్ కుస్ట్‌నర్ అనే డాక్టరుకు వండిన చేప పడేది కాదు. ఆయన స్నేహితుడు కార్ల్ ప్రౌస్నిట్స్ చేపలు ఎన్ని తిన్నా ఏమీ అయేది కాదు. ఒకే వస్తువు ఒకరికి భోజనం, మరొకరికి ప్రమాదం ఎలా అయిందో కనిపెట్టాలని ఇద్దరికీ బుద్ధిపుట్టింది.

కుస్ట్‌నర్ రక్తంనుంచి తేటనీరు – దాన్నే సీరం అంటారు – తీసి, ఒక చుక్క ప్రౌస్నిట్స్ చర్మంలోకి ఎక్కించారు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప సారం ఎక్కించారు. చూస్తూండగానే అక్కడ దురద పుట్టి, దద్దురు లేచింది! మిగతా వొంటిమీద ఎక్కడ ఎక్కించినా ఏమీ కాలేదు. దోషం చేపలో లేదనీ, పడనివాడి రక్తంలో ఏదో ప్రత్యేకమయిన పదార్థం వున్నదనీ దీనితో రుజువయింది.

ఆ పదార్థమేమిటో తేలటానికి మరి నలభై అయిదేళ్ళు పట్టింది. 1966–67 సంవత్సరాలలో అమెరికాలో పనిచేస్తున్న జపాను దంపతులు ఇషిజాకాలూ, స్వీడన్‌లో యోహాన్‌సన్, బెన్నిచ్ అనేవారూ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. దాని పేరు ఐజీఈ.

కావలివాడి కథ

మన వొంట్లో సూక్ష్మజీవులు జొరబడకుండా కాపలా కాసే కావలివాళ్ళు ఎందరో వున్నారు. దొంగ ఆనవాళ్ళు ఒకసారి పట్టుకున్నారంటే వాళ్ళు జన్మలో మరవరు. ఒకసారి పొంగు వచ్చినవాళ్ళకు మళ్ళీ సాధారణంగా రాకపోవటం వాళ్ళ చలవే.

అయితే ఒక్కొక్కప్పుడు కావలివాడు పొరబడతాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని దొంగ అనుకుంటాడు. రొయ్య మాంసంలోని ఒక మాంసకృత్తును చూసి, “వీడు శత్రువు!” అని ముద్ర వేస్తాడు. వెంటనే ఆ మాంసకృత్తును గుర్తుపట్టే ఐజీఈ తయారవుతుంది. చర్మంలోనూ, ముక్కులోనూ, ఊపిరితిత్తులలోనూ, పేగులలోనూ మాస్ట్ కణాలని వుంటాయి. వాటినిండా హిస్టమిన్ వంటి ఘాటయిన రసాయనాలు కూరి వుంటాయి, మందు దట్టించిన టపాకాయలలాగా. ఐజీఈ వెళ్ళి ఆ కణాలమీద వత్తిలాగా అమరుతుంది.

ఇదంతా గప్‌చిప్‌గా జరుగుతుంది, మనకు తెలియనే తెలియదు. అందుకే, “నిరుటి దాకా తిన్నాడు గదా, ఈ ఏడు పడకపోవటమేమిటి?” అనటం సరి కాదు. నిరుడు తిన్నప్పుడే లోపల వత్తి అమరి వుండవచ్చు. పెద్దవాళ్ళయాక కూడా కొందరికి రొయ్యలు పడకుండా పోవటం వున్నది.

ఈసారి రొయ్య లోపలికి వచ్చిందంటే వత్తి అంటుకున్నట్టే. మాస్ట్ కణాలు ఒక్కసారిగా పగిలి హిస్టమిన్‌ను చిమ్ముతాయి. చర్మంమీద దద్దుర్లు లేస్తాయి. పెదవులూ, కళ్ళూ వాస్తాయి. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. రక్తనాళాలు వదులయిపోయి రక్తపు పోటు పడిపోతుంది.

టపాకాయల గుట్టకు నిప్పు అంటుకోవాలంటే ఎంత నిప్పు కావాలి? ఒక్క రవ్వ చాలు గదా! కొందరికి రొయ్య ముక్క కూడా అక్కర్లేదు, రొయ్యలు వేపిన గరిటె తగిలిన కూర చాలు. ఎంత తింటే ఎంత ప్రమాదమన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. పోయినసారి నాలుగు దద్దుర్లతో పోయిందని ఈసారి కూడా అంతటితో పోతుందన్న నమ్మకం లేదు. “కొంచెమే గదా!” అన్న మాట కావలివాడి చెవికి ఎక్కదు.

చేప వేరు, రొయ్య వేరు

మనం అన్నిటినీ కలిపి నీచు అంటాం గాని, కావలివాడు అలా అనుకోడు. చేపకు వెన్నెముక వున్నది. రొయ్యకూ, పీతకూ అది లేదు, పైన పెంకు వుంటుంది. వాటి మాంసకృత్తులు కూడా వేరు వేరు.

రొయ్యలో గోల చేసేది ముఖ్యంగా ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. దీన్ని కనుక్కోవటంలో మన దేశానికి మంచి పాత్ర వుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు గారి బృందంవారు మన తీరంలో దొరికే తెల్ల రొయ్యను తీసుకుని పరిశోధించారు. అలెర్జీ కలిగించే పదార్థం వేడికి చెక్కుచెదరదని 1989లో చూపించారు. ఆ ముఖ్య పదార్థం ట్రోపోమయోసినే అని 1993లో అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించారు. కనక, “బాగా ఉడికించాం, ఇంకేం భయం లేదు” అనుకోవటానికి వీలులేదు. ఉడికించిన నీళ్ళలోకి కూడా అది దిగుతుంది. ఆవిరితోపాటు గాలిలోకి లేస్తుంది కూడా. అందుకే కొందరికి రొయ్యలు ఉడికే చోట నిలబడితేనే ముక్కు కారటం, ఆయాసం రావటం జరుగుతుంది.

రొయ్య, పీత, లోబ్‌స్టర్ ఒకే కుటుంబంలోవి. వాటిలోని ట్రోపోమయోసిన్ ఇంచుమించు ఒకటే. ఒకటి పడనివాళ్ళకు తక్కినవి కూడా చాలామందికి పడవు. గుల్లలూ, స్క్విడ్ వంటివి వాటికి దూరపు చుట్టాలు, కొందరికి అవీ పడవు. సముద్రపు రొయ్య అయినా, చెరువు రొయ్య అయినా, కాలవ రొయ్య అయినా తేడా లేదు. మరొక వింత: బొద్దింకలోనూ, ఇంటి దుమ్ములో వుండే కంటికి కనబడని పురుగులోనూ ఇలాంటి మాంసకృత్తే వుంటుంది. రొయ్యకూ బొద్దింకకూ కాళ్ళూ, మీసాలూ చూస్తే ఆ చుట్టరికం మీకే తెలుస్తుంది.

చేపలో గోల చేసేది సాధారణంగా పార్వాల్బ్యుమిన్ అనే మరో మాంసకృత్తు. అదికూడా ఉడికితే పోయేది కాదు. కాబట్టి చేప పడనివాడు రొయ్యలు తినగలగవచ్చు, రొయ్య పడనివాడు చేపలు తినగలగవచ్చు. అయితే ఏది తినవచ్చో తేల్చవలసింది డాక్టరుగారు. అంగడిలోనూ, వంటింట్లోనూ రెండూ ఒకే గంపలో, ఒకే కత్తిపీట మీద కలుస్తాయని కూడా మరవకూడదు.

గుర్తుపట్టటం ఎలా?

పడనిది తిన్న కొద్ది నిమిషాలలోనే సాధారణంగా గుర్తులు కనబడతాయి. ఒక్కొక్కప్పుడు రెండు గంటలదాకా పట్టవచ్చు.

తేలిక గుర్తులు ఇవి: పెదవులూ నాలుకా దురదపెట్టటం, ఒంటిమీద అక్కడక్కడ దద్దుర్లు, తుమ్ములు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారటం.

ప్రమాదపు గుర్తులు ఇవి: గొంతు పట్టేసినట్టుండటం, గొంతు బొంగురుపోవటం, ఆగని దగ్గు, ఆయాసం, రొమ్ములో పిల్లికూతలు, నాలుక వాయటం, మళ్ళీమళ్ళీ వాంతులు, కళ్ళు తిరగటం, వొళ్ళు చల్లబడి మనిషి వాలిపోవటం. చర్మంమీద దద్దుర్లతోపాటు కడుపులోగాని, రొమ్ములోగాని బాధ మొదలయిందంటే అది ఎనఫిలాక్సిస్ కావచ్చు. కొందరికి దద్దుర్లు లేవకుండానే ఊపిరి అందక పోవచ్చు. చిన్నపిల్లలు “దురద” అనలేక, నాలుకను గోకుతారు, ఏడుస్తారు, ఉన్నట్టుండి మగతగా అయిపోతారు.

దీనిలాగే కనపడి, ఇది కానిది ఒకటి వుంది. కానాగంతలు, కవళ్ళు, ట్యూనా వంటి చేపలను పట్టిన వెంటనే చల్లగా దాచకపోతే, సూక్ష్మజీవులు చేరి చేపలోనే హిస్టమిన్‌ను తయారుచేస్తాయి. అది తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడి, తలనొప్పీ, దద్దుర్లూ వస్తాయి. వండినా ఆ హిస్టమిన్ పోదు. అయితే ఇది అలెర్జీ కాదు, పాడయిన చేప చేసే పని. ఆ కూర తిన్నవాళ్ళలో ఒక్కరికి కాక పలువురికి ఇలా జరిగిందంటే దీన్ని అనుమానించాలి. వైద్యం దీనికీ కావలసిందే.

ఇక చేపలు తిని పాలు తాగినందువల్ల బొల్లి వస్తుందని కొన్ని ఇళ్ళలో భయపడతారు. దానికి ఆధారం లేదు. చేప తిని దద్దుర్లు లేస్తే, నేరం పాలమీదికి నెట్టి, మళ్ళీ పాలు లేకుండా చేపలు పెట్టడం మంచిది కాదు.

విందులో ఒకనాడు

ఇలా జరిగిందనుకుందాం. ఒక ఇంట్లో విందు. రొయ్యలు పడని ఎనిమిదేళ్ళ తమ్ముడు ఆకు ముందు కూర్చున్నాడు. మేనత్త వంకాయకూర వడ్డించబోయింది.

“అత్తయ్యా, ఇందులో రొయ్యలున్నాయా?” అన్నాడు వాడు.

“వంకాయకూరలో రొయ్యలెక్కడివిరా? తిను, నాయనా!” అన్నది మేనత్త.

నాలుగు ముద్దలు తినేసరికి వాడి పెదవులు దురదపెట్టాయి. మెడమీద దద్దుర్లు లేచాయి. దగ్గు పట్టుకున్నది. “గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది” అంటే, మాట బొంగురుగా వచ్చింది.

పక్కనే వున్న అక్క లేచి, “అత్తయ్యా, కూరలో ఏమేం వేశారు?” అని అడిగింది.

“రుచి కోసం చిటికెడు రొయ్యపొట్టు చల్లాను. కొంచెమే గదే!” అన్నది మేనత్త తెల్లబోయి.

అప్పుడు తలా ఒక సలహా చెప్పారు. ఒకరు గొంగళితో రుద్దమన్నారు. ఒకరు వేలు పెట్టి కక్కించమన్నారు. ఒకరు దద్దుర్ల మాత్ర వేసి కాసేపు చూద్దామన్నారు. అక్క ఇవేవీ విననిచ్చేది కాదు. ఎందుచేతనంటే, డాక్టరుగారు రాసి ఇచ్చిన కాగితం ఆమె చదివి వున్నది. ఆమె ఏం చేసిందో వినండి.

తమ్ముణ్ణి కూర్చున్నచోటునుంచి లేవనివ్వలేదు, “పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంటాను” అన్నా వెళ్ళనివ్వలేదు. ఈ స్థితిలో లేచి నిలబడటం, నడవటం చాలా ప్రమాదం. రక్తపు పోటు ఒక్కసారి పడిపోవచ్చు. పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తుగా వుంచింది. ఆయాసం ఎక్కువయితే జారబడి కూర్చోవచ్చు, వాంతి వచ్చేట్టుంటే ఒక పక్కకు తిప్పాలి. ఇంతలో నాన్న 108కి ఫోను చేసి, “అలెర్జీ, ఊపిరి అందటం లేదు” అని స్పష్టంగా చెప్పాడు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే, “రొయ్యలు పడవు, రొయ్యపొట్టు తిన్నాడు” అని మొట్టమొదట చెప్పాడు. డాక్టరుగారు వెంటనే తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చారు. పావుగంటలో వాడి ఊపిరి కుదుటబడింది. అయినా ఇంటికి పంపక కొన్ని గంటలు అక్కడే వుంచారు. ఎందుకంటే, తగ్గిన బాధ కొందరికి మరికొన్ని గంటలకు తిరగబెడుతుంది.

ఎడ్రినలిన్ మన వొంట్లోనే తయారయే పదార్థం. దాన్ని శుద్ధంగా విడదీసిన సంగతి జపాను రసాయన శాస్త్రజ్ఞుడు జోకిచి తకమినే లోకానికి చెప్పింది 1901లోనే, రిషే ఓడ ఎక్కిన ఏడే! అది వదులయిన రక్తనాళాలను బిగిస్తుంది, బిగిసిన ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. ఎనఫిలాక్సిస్‌కు మొదటి మందు ఇదే. దద్దుర్ల మాత్ర దురదను తగ్గిస్తుందే గాని, ఊపిరి ఆడకపోతే కాపాడలేదు. ఆ మాత్ర వేసి కూర్చుని కాలం గడపటమే అసలు ప్రమాదం. దానంతట అది సూది గుచ్చుకునే ఎడ్రినలిన్ పెన్నులు కూడా వున్నాయి. అవి మన ఊళ్ళో దొరుకుతాయా, పిల్లవాడికి అవసరమా, ఎలా వాడాలి అన్నది డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లోనూ, బడిలోనూ

చిన్న పామునయినా పెద్ద కర్రతో కొట్టాలన్నారు. అలెర్జీకి పెద్ద కర్ర ముందుజాగ్రత్తే.

మొదటిది, అడగటం. “ఇందులో రొయ్యలున్నాయా?” అని కాక, “ఇందులో ఏమేం వేశారు? ఎండు రొయ్యలుగాని, రొయ్యపొట్టుగాని పడిందా? ఇదే నూనెలో రొయ్యలు వేపారా?” అని అడగాలి. దోసకాయలోనూ, వంకాయలోనూ, గోంగూరలోనూ, చింతచిగురులోనూ రొయ్యలు వేసే అలవాటు మనకున్నది. హోటలులో ఒకే మూకుడులో చేపముక్కలూ, బజ్జీలూ వేపవచ్చు.

రెండవది, చదవటం. పొట్లాలలో వచ్చే తినుబండారాలమీద అలెర్జీ కలిగించే వస్తువుల పేర్లు వేయాలని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2020లో చేసిన నిబంధనలలో వున్నది. వాటిలో చేపలూ, రొయ్యా పీతా వంటి పెంకు జీవులూ కూడా చేరాయి. సూపు పొడీ, సాసు, మసాలా – ఏది కొన్నా ఆ వరస చదవండి. చదువు వచ్చిన పిల్లలకు ఇంతకంటె మంచి ఉపయోగం ఏముంటుంది?

మూడవది, వేరుచెయ్యటం. పడని పిల్లవాడి కూర ముందు వండి, గరిటె వేరుగా పెట్టాలి. రొయ్యలు ఒలిచిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నాలుగవది, చెప్పటం. బడిలో అయ్యవారికీ, మధ్యాహ్నం పక్కన కూర్చునే స్నేహితుడికీ తెలిసి వుండాలి. డాక్టరుగారి చేత ఒక కాగితం మీద ఏది పడదో, ఏం జరిగితే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోను చెయ్యాలో రాయించి పుస్తకాల సంచీలో వుంచాలి.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట

పాలూ, గుడ్డూ పడని పసివాళ్ళలో చాలామందికి పెద్దయ్యేసరికి అది పోతుంది. చేపలూ, రొయ్యలూ పడకపోవటం మట్టుకు ఎక్కువమందికి జీవితాంతం వుంటుంది. కాబట్టి, “పోయిందేమో చూద్దాం” అని ఇంట్లో పరీక్ష పెట్టకండి. కొంచెం కొంచెం పెట్టి అలవాటు చెయ్యాలని మీ అంతట మీరు ప్రయత్నించకండి. ఉబ్బసం వున్న పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్ళకు ప్రమాదం ఎక్కువ.

నిపుణుడయిన డాక్టరుగారు మొదట జరిగిందంతా అడుగుతారు: ఏం తిన్నాడు, ఎంతసేపటికి, ఏం జరిగింది? తరువాత చర్మంమీద చిన్న గీటు పెట్టిగాని, రక్తంలో ఐజీఈ కొలిచిగాని చూస్తారు. ఆ పరీక్షలో వున్నదని వచ్చినంత మాత్రాన అలెర్జీ అని కాదు. తిన్నప్పుడు జరిగినదాన్నీ, పరీక్షనూ కలిపి ఆయన నిర్ణయిస్తారు. అందుకని ఏ బాధా లేని పిల్లలకు భయపడి చేపలు మానిపించనక్కరలేదు. చేప మంచి ఆహారం.

ఇక మీ మాటకు వస్తే, పిల్లలూ! మీకు పడకపోతే, “వద్దు, నాకు పడదు” అనటానికి సిగ్గుపడకండి. ఎంత దగ్గరి చుట్టాలు వడ్డించినా సరే. అది అమర్యాద కాదు. మీ స్నేహితుడికి పడకపోతే, వాణ్ణి “పిరికివాడు” అని వెక్కిరించవద్దు, దొంగతనంగా వాడి అన్నంలో కలిపి తమాషా చూడవద్దు. ఆ తమాషా ప్రాణంమీదికి తెస్తుంది. వాడికి దద్దుర్లు లేచి దగ్గు వస్తే, ఒంటరిగా వదలక, ఒకరు పక్కన వుండి, ఒకరు పరుగెత్తి పెద్దవాళ్ళను పిలవండి. ఎవరయినా “కొంచెమే గదా!” అంటే, “కొంచెమయినా వద్దండీ!” అని మీరే చెప్పండి.

ఈ నెల మీకు ఒక పని: మీ ఇంట్లో ఎవరెవరికి ఏమేం పడవో అమ్మనూ, అమ్మమ్మనూ అడిగి, ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. అలాగే ఒక ప్రశ్న: పచ్చి రొయ్య బూడిదరంగుగా వుంటుంది గదా, ఉడికితే ఎర్రగా ఎందుకు మారుతుంది? ఆలోచించి వుంచండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.